ఏరిన నమూనా

పదకొండో భాగం

పొయ్యిలో బూడిద ఆకాశం నుంచి రాలదు. పోయిన వారం మనం ఆగింది ఆ మాట దగ్గరే.

మరచిపోయినవారి కోసం మళ్లీ చెబుతాను. అన్నీ గుర్తున్నవారు ఈ పేరా దాటేసి పోవచ్చు, నేనేమీ అనుకోను. నా పేరు అండాలు. పోచంపల్లిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, హైదరాబాదులో బి.ఎస్సీ. చదివి, భువనగిరి దగ్గర రైలు పట్టాల పక్కన ఉన్న ఎర్రగుట్ట పవర్ హౌస్‌లో బొగ్గు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నదాన్ని. అది 1964వ సంవత్సరం, ఎండాకాలం. ఆ నెలలో నాలుగుసార్లు బాయిలర్‌లో ఆవిరి పడిపోయి కరెంటు ఆగింది. మా సూపరింటెండెంట్ రఘుపతి గారు ఆ తప్పంతా ఫైర్‌మన్ యోహాను నెత్తిన పెట్టారు. బొగ్గు మంచిదే, ల్యాబు కాగితం మంచిదనే చెబుతోంది, కాబట్టి మంట వేసేవాడే సోమరి అన్నారు. ఆ ల్యాబు కాగితం మీద సంతకం నాది. వంద పాళ్ల బొగ్గులో పందొమ్మిది పాళ్లు బూడిద అని అందులో రాసి ఉంది. కాని మూడు రోజుల పాటు బాయిలర్ కింది బూడిదను నేనే నిలబడి తూకం వేయిస్తే, వందకు ముప్పై రెండు తేలింది. మంగళవారం మూడు గంటలకు విచారణ. యోహాను కొలువు ఉంటుందో ఊడుతుందో ఆ పూటతో తేలిపోతుంది. చేతిలో ఉన్నది ఒక్క సోమవారం.

సోమవారం పొద్దున్నే చీర కొంగు నడుముకు చుట్టి బొగ్గు యార్డులోకి దిగాను.

పద్నాలుగు నెలల ఉద్యోగంలో నేను యార్డులోకి పోవడం అదే మొదటిసారి. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. నమూనా సంచి నా బల్ల మీదికి వచ్చేది. నేను దాన్ని దంచి, జల్లించి, కొలిమిలో కాల్చి, తూచి, అంకె వేసేదాన్ని. నా తక్కెడ వెంట్రుక బరువును కూడా దాచదు, ఆ గర్వం నాకు దండిగా ఉండేది. కాని సంచిలోకి ఆ బొగ్గు ఎట్లా చేరిందని ఒక్కనాడు కూడా అడగలేదు.

నమూనా తెచ్చే పని బక్కయ్యది. అరవై దాటిన మనిషి, ఎముకలు లెక్కపెట్టవచ్చు. పట్టాల మీది బండ్ల నుంచి బొగ్గు దింపే ఆడవాళ్ల జట్టుకు పెద్ద అయిన నాగులమ్మ ఆయన బిడ్డే. నాగులమ్మ మొగడు యోహాను. అంటే బక్కయ్య మన ఫైర్‌మన్‌కు పిల్లనిచ్చిన మామ. ఈ చుట్టరికం జర గుర్తుపెట్టుకోండి.

తెల్లవారుజామున వచ్చిన వ్యాగన్ నీడలో బక్కయ్య గొంతుక్కూర్చొని ఉన్నాడు. ముందు చాట. చాటలో బొగ్గు. బియ్యంలో మెరిగెలు ఏరినంత ఓపికగా ఒక్కో ముక్కను ఎండకు పట్టి చూసి, నల్లగా మెరిసేదాన్ని సంచిలో వేస్తున్నాడు. బూడిదరంగు రాళ్లను వెనక్కి చూడకుండా పెద్ద కుప్పలోకి విసిరేస్తున్నాడు.

దగ్గరికి పోయాను.

"ఏం చేస్తున్నవ్ తాతా?"

"నమూనా తయారు చేస్తున్న బిడ్డా. నువ్వెందుకచ్చినవ్ గీ మసిల? నేనే తెస్తుంటి గద."

"ఆ రాళ్లెందుకు ఏరుతున్నవ్?"

బక్కయ్య నావైపు జాలిగా చూశాడు. ఇంత చదివి ఇదేం ప్రశ్న అన్నట్టుంది ఆ చూపు.

"ఏరకుండ ఎవలన్న ఇస్తరా? నమూనా అంటేనే మంచిది సూపెట్టేది గద! నకిరేకల్‌ల పటేలు కాడ ఇరువై ఏండ్లు జీతమున్న నేను. వడ్లు అమ్మేటప్పుడు తువ్వాల కొంగుకు నమూనా కట్టుకొని సేటు దుకాణానికి పోయేటోన్ని నేనే. తాలు చెరిగి, రాయి ఏరి, ఒక్కొక్క గింజ బంగారమోలె ఉండేది. బక్కని నమూనా అంటే సేటు మారు మాట్లాడకపోతుండె."

"మరి సంచులల్ల ఉన్న వడ్లు?"

"అవ్వి సంచులల్ల ఉంటయ్. నమూనా నమూనానే."

నాకు నవ్వు వచ్చింది. అంతలోనే సంగతి అర్థమైంది. పద్నాలుగు నెలలుగా నేను పరీక్షించింది బొగ్గును కాదు, ఈ తాత మర్యాదను! మా పోచంపల్లిలో కూడా చీర మడత పెట్టేటప్పుడు చిటికి అద్దకం మంచిగా పడ్డ వైపే పైకి వచ్చేట్టు పెడతారు. మా నాయిన చేతుల్లో అది వెయ్యిసార్లు చూసినదాన్ని. అదే పని బొగ్గుతో కూడా చేస్తారని నా బుర్రకు ఎందుకు తట్టలేదో!

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"తాతా, నువ్వు ఏరేసిన రాళ్లు ఎటు పోతున్నయ్?"

"గా కుప్పలకు."

"ఆ కుప్ప ఎటు పోతది?"

"ఎటు పోతది, బాయిలరుకు పోతది."

"బాయిలరు కాడ మంటేసేది ఎవరు?"

"మా అల్లు..."

మాట సగంలో తెగిపోయింది. బక్కయ్య చేతిలోని బొగ్గు ముక్క చాటలో పడింది. ముసలాయన తెలివైనవాడు, మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. రాయి కాలదు. కాలని రాయి పొయ్యిని మింగుతుంది. ఆవిరి పడిపోతుంది. అప్పుడు ల్యాబు కాగితం తీసి చూస్తారు. కాగితంలో బక్కయ్య ఏరి ఇచ్చిన బంగారం లాంటి బొగ్గు ఉంటుంది. ఇక తప్పు యోహానుది కాక ఎవరిదవుతుంది?

"అయ్యో, నా చేతులిరిగిపోను!" అన్నాడు బక్కయ్య. "నా బిడ్డ కడుపు మీద నేనే కొట్టిన్నా?"

"కొట్టినవ్ నాయినా." ఆ గొంతు నాగులమ్మది. తట్ట చంకలో పెట్టుకొని ఎప్పుడు వచ్చి నిలబడిందో మేము చూడలేదు. "ఇరువై ఏండ్లు పటేలు వడ్లకు మంచి పేరు తెచ్చినవ్. ఇప్పుడు నా మొగని కొలువుకు నీళ్లిడిచినవ్. నెల దినాల సంది గాయన తిండి తింటలేడు, నిద్ర పోతలేడు. నేను మంచిగనే మంటేస్తున్న నాగులూ, మంట ఎందుకు లేస్తలేదో నాకు సమజైతలేదు అని గోడకు తలకాయ కొట్టుకుంటుండు. నువ్వేమో ఈడ చాటేసుకొని కూసున్నవ్!"

బక్కయ్య తల వంచుకున్నాడు. చెంపల మీది మసిలో రెండు చారలు తడిగా దిగాయి. నాగులమ్మ తట్ట కింద పెట్టి, తండ్రి పక్కన చతికిలబడి కొంగుతో ఆయన ముఖం తుడిచింది. తిట్టిన నోటితోనే, "ఏడ్వకు, ఎవలన్న సూస్తరు," అంది. నాకూ కండ్లు చెమర్చాయి. కాని ఏడుస్తూ కూర్చుంటే మంగళవారం ఆగదు కదా.

"అక్కా, విచారణకు ఇంకా ఒక దినం ఉంది," అన్నాను. "ఈ వ్యాగన్‌ల బొగ్గు ఎట్లున్నదో అట్లనే నేను పట్టుకపోయి కాలుస్త. పైకెక్కి నాలుగు మూలల తవ్వి తీస్త, జర చెయ్యందియ్యి."

వ్యాగన్ ఎక్కడమంటే ల్యాబు మెట్లు ఎక్కడం కాదని ఆ రోజే తెలిసింది. చీర కుచ్చిళ్లు ఇనుప కొక్కేనికి తగులుకొని నేను సగంలో వేలాడుతుంటే, జట్టులోని ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. "పోచంపల్లి చీర పోతాంది సూడుర్రే!" అని ఒకతె కేక వేసింది. ఎట్లాగో పైకి చేరి గడ్డపలుగుతో పొడిస్తే మూరెడు లోతుకు మించి దిగలేదు.

కింద నుంచి నాగులమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని చూస్తోంది.

"అడుగుది ఎట్ల తీస్తవ్ అమ్మా?"

"తవ్వుతున్న గద."

"తవ్వు తవ్వు, దసర దాంక తవ్వు! మేం ఎట్లైన అంత దింపేదే గద? దింపంగ దింపంగ లెక్క పెట్టి ఒక్కో తట్ట పక్కకు పెడితే పైది, నడిమిది, అడుగుది అన్ని దిక్కులది వస్తది. గింత దానికి గా పలుగెందుకు?"

నేను పలుగు కింద పడేశాను. నా పుస్తకంలో మూడు పేజీల్లో, రెండు బొమ్మలతో చెప్పిన సంగతి అది. నాగులమ్మ ఒక్క గుక్కలో చెప్పింది.

జట్టులో పదహారు మంది. వరసలో చివరి మనిషి నాగులమ్మ. వరస మూడు చుట్లు తిరిగినప్పుడల్లా ఆమె తట్ట పక్కన ఊడ్చి పెట్టిన రేకు మీద పోయాలని నిర్ణయించాం. పైన పార పట్టినామెకు తట్టలోకి చూడకుండా నింపమని మరీ మరీ చెప్పాను. నాగులమ్మ చుట్లు గట్టిగా లెక్కపెట్టింది. మొదటి చుట్టును ఒకటి అనలేదు, లాభం అంది. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మనవాళ్లు ఒకటి అనరు కదా, బొగ్గుకూ అదే ఆచారం.

"లాభం... రెండు... మూడు, పక్కకు పోయ్!"

ఒక తట్టలో తలకాయంత రాయి వచ్చింది. రేకు దగ్గర నిలబడ్డ ఆడమనిషి చేయి అలవాటుగా దాని మీదికి పోయింది.

"తియ్యకు! తియ్యకు!" అని అరిచాను. "ఏదొస్తె గదే. రాయొస్తె రాయి, బొగ్గొస్తె బొగ్గు!"

"గింత పెద్ద రాయి పెద్దసారుకు ఎట్లిస్తమమ్మా? మంచిగుంటదా?"

"ఇదే మంచిగుంటది. ఇడిసిపెట్టు."

ఆ గొడవకు తిరిగి చూస్తే, బక్కయ్య రెండు చేతులనూ తొడల కింద పెట్టుకొని వాటి మీద కూర్చొని ఉన్నాడు. ఏమిటిది తాతా అంటే, "నా చేతుల మీద నాకు నమ్మకం లేదు బిడ్డా, అవ్వి ఊకుంటలేవు," అన్నాడు. ఆ మాటకు నాగులమ్మ కూడా నవ్వేసింది.

వ్యాగన్ ఖాళీ అయ్యేసరికి ఇరవై నాలుగు తట్టలు పక్కకు పడ్డాయి. నాలుగేసి తట్టలు ఒక కుప్ప, మొత్తం ఆరు కుప్పలు. ముందు దింపింది మొదటి కుప్ప, అట్టడుగుది ఆరో కుప్ప. బక్కయ్య చేతికి సుత్తె ఇచ్చి, "పగలగొట్టు, ఏరకు," అన్నాను. పాపం, ఆయన ఎండలో కూర్చొని రాయినీ బొగ్గునూ ఒకే తీరుగా దంచాడు. దంచినదాన్ని కలిపి గోపురంలా పోసి, పైన చదును చేసి, పలకతో అడ్డంగా నిలువుగా గీసి నాలుగు పాళ్లు చేశాం. ఎదురెదురు పాళ్లు రెండు ఉంచి, మిగిలిన రెండు పక్కకు తోశాం. ఉంచినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేశాం. అట్లా తగ్గించుకుంటూ పోగా ఒక్కో కుప్పకు దోసెడు మిగిలింది. దాన్నీ రెండు సగాలు చేశాను. ఒక్కో సగం ఒక్కో పొట్లం.

నా ఆరు పొట్లాలు నేను తీసుకున్నాను. మిగిలిన ఆరు పొట్లాలు చూపించి నాగులమ్మ అడిగింది. "గీ సగం పారబోద్దునా?"

"పారబోయకు అక్కా. ఇటు రా."

చెవిలో చెప్పాను. ఆమె కండ్లు ఇంతింత చేసింది.

"నేనొక్కదాన్నేనా?"

"నువ్వే. ఎవరితోని అనకు, తాతతోని గూడ."

ఆ సాయంత్రమూ మర్నాడు మధ్యాహ్నం దాకా నేనూ నా కరెంటు కొలిమీ. ఒక్కో పొట్లంలోని పొడిని రెండేసి పింగాణీ మూసల్లో కాల్చాను. బక్కయ్య చాటలో మిగిలిన ఏరిన బొగ్గును కూడా ఒక మూసలో పెట్టాను. చివరి అంకె వేసి కలం మూసినప్పుడు నా మనసులో అనుమానమన్నది రవ్వంత కూడా మిగల్లేదు. ఇంత ధీమాగా నేను పరీక్ష హాల్లోకి కూడా ఎన్నడూ పోలేదు.

మూడు గంటలకు విచారణ మొదలైంది.

రఘుపతి గారి గురించి నిజం చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. టర్బయిన్ చప్పుడు విని ఎక్కడ నూనె తక్కువైందో చెప్పగల ఇంజనీరు. కాని తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. బల్ల మీద కొలువు తీసేసే ఉత్తర్వు ముందే టైపు చేసి పెట్టి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. యోహాను తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకొని గోడ పక్కన నిలబడ్డాడు. నెల రోజుల్లో మనిషి సగమయ్యాడు. వరండాలో యార్డు జనమంతా గుమిగూడారు. నాగులమ్మ మాత్రం లేదు. మొగని విచారణ పెట్టుకొని పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కిందట, ఏం ఆడదమ్మా అని ఎవరో గొణుగుతున్నారు.

"ఏమ్మా అండాలూ, నిన్న యార్డులో ఏదో జాతర చేశావట?" అన్నారు రఘుపతి గారు.

"జాతర కాదు సార్, నమూనా తీసినం." కాగితం ఆయన ముందు పెట్టాను. "నిన్నటి వ్యాగన్. పైనుంచి అడుగు దాక ఆరు కుప్పలు. వందకు బూడిద ఇరవై రెండు, ఇరవై ఏడు, నలభై ఒకటి, ముప్పై, ముప్పై ఆరు, ముప్పై మూడు."

ఆయన కండ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు.

"ఒకే వ్యాగన్‌కు ఆరు అంకెలా? ఇందులో ఏది నిజం?"

"ఆరూ నిజమే సార్."

"బాగుంది! అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ? మీ ఇంట్లో కుండ కుండంతా పిసికి చూస్తారా ఏమిటి?"

వరండాలో ఒకరిద్దరు నవ్వారు. నాకు కోపం రాలేదు. ఆ సామెత ఆయన ఎప్పుడు ఎత్తుతారా అని నేను పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాను.

"కుండలో అన్నానికి ఒక్క మెతుకు చాలు సార్. ఒకే బియ్యం, ఒకే ఎసరు, ఒకే మంట. కాని ఇది కుండ కాదు, బిచ్చపాయన జోలె. పది ఇండ్ల అన్నం పడ్డది. ఒకరింటిది సన్నబియ్యం, ఒకరింటిది జొన్న గటుక, ఒకరింటిది మాడు. జోలెలో ఒక్క మెతుకు పట్టి చూస్తే ఆ ఒక్క ఇంటి సంగతే తెలుస్తది. జోలె సంగతి తెలవాలంటే అన్ని దిక్కులా చెయ్యి పెట్టాలె."

ఈసారి వరండాలో నవ్వు పెద్దగా వచ్చింది. రఘుపతి గారి ముఖం బిగిసింది.

"మాటలకేం గాని, నీ పరీక్షే తప్పు కావచ్చు కదా? కొలిమి వేడి ఒక్కో పూట ఒక్కో రకంగా ఉండవచ్చు."

"ఉండవచ్చు. అందుకే ప్రతి పొడినీ రెండు మూసల్లో కాల్చిన. మూడో కుప్ప రెండుసార్లూ నలభై ఒకటే చెప్పింది. మొదటి కుప్ప రెండుసార్లూ ఇరవై రెండే. కొలిమిదో తక్కెడదో తప్పైతే ఒకే పొడి రెండు మాటలు మాట్లాడాలె, మాట్లాడలేదు. తేడా ఉన్నది నా దగ్గర కాదు సార్, బొగ్గులనే ఉన్నది. ఆరు అంకెలూ కలిపి ఆరుతో భాగిస్తే ముప్పై ఒకటిన్నర. మూడు రోజులు బాయిలర్ కింద తూకం వేస్తే వచ్చింది ముప్పై రెండు. పొయ్యి అబద్ధం చెప్పలేదు. యోహాను అబద్ధం చెప్పలేదు."

యోహాను తల ఎత్తాడు. నెల రోజుల్లో ఆ మనిషి ఎవరి కండ్లలోకైనా సూటిగా చూడటం అదే మొదలు.

"నేను చెప్తనే ఉన్న సారూ," అన్నాడు మెల్లగా. "మంచిగనే మంటేస్తున్న అని. ఎవరు ఇన్లె."

రఘుపతి గారు కాగితం మీద వేలితో టకటకా కొట్టారు. తెలివైనవాడే కాబట్టి ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో ఆయనకు తెలుసు.

"సరే. ముప్పై ఒకటిన్నర. మరి పద్నాలుగు నెలలుగా పందొమ్మిది అని రాసి సంతకం పెట్టింది ఎవరు?"

"నేనే."

"ఎందుకు రాశావు?"

నిజం చెబితే గోడ పక్కన అల్లుడు నిలబడ్డ జాగాలో మామ నిలబడతాడు. యోహానును కాపాడటమంటే బక్కయ్యను ముందుకు తోయడమా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తయారు చేసుకోకుండానే నేను ఆ గదిలోకి వచ్చాను. అంత ధీమాగా వచ్చిన నా మీద నాకే మండింది.

"నమూనాల పొరపాటు జరిగింది సార్," అన్నాను. "నేను..."

"ఆమె కాదు సారూ."

వరండాలో జనం రెండు పాయలయ్యారు. మధ్య నుంచి బక్కయ్య వచ్చాడు. ఉతికిన ధోవతి కట్టాడు, తల దువ్వుకున్నాడు. చేతిలో చాట ఉంది. ఆ చాటను తెచ్చి సూపరింటెండెంట్ బల్ల మీద, టైపు చేసిన ఉత్తర్వు పక్కనే పెట్టాడు.

"రాళ్లు ఏరింది నేను. గీ చాటతోని, గీ చేతులతోని. మూడేండ్ల సంది దినాం ఏరిన. మా అల్లునికి తెల్వదు, గీ బిడ్డకు తెల్వదు."

"మామా!" అన్నాడు యోహాను. ఒక అడుగు ముందుకు వేశాడు.

రఘుపతి గారి ముఖం విప్పారింది. దొంగ దొరికాడనుకున్నారు.

"ఏరావా? ఎవరు చెప్పారు నీకు ఏరమని?"

బక్కయ్య ఆశ్చర్యంగా చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు, ఎత్తిపొడుపు లేదు. నమ్మకంగా పని చేసిన మనిషికి ఉండే అమాయకత్వమే ఉంది.

"నువ్వే గద సారూ!"

ఆయన ఆ బల్లనే వేలితో చూపించాడు.

"నేను కొత్తగచ్చిన దినం, యాదికున్నదా? తొందరల ఏరకుండనే తట్టెడు తెచ్చి గీ బల్ల మీద పెట్టిన. నువ్వు అండ్లకెల్లి ఒక రాయి చేతికి తీసుకొని, బొగ్గు తెమ్మంటే రాళ్లు తెస్తావా అన్నవ్. అని గా కిటికీలకెల్లి బయటికి ఇసిరినవ్. ఓహో, ఈడ గూడ నకిరేకల్ కాయిదానే అనుకున్న. గా దినం సంది ఒక్క రాయి నీ బల్ల మీదికి రానియ్యలె సారూ. ఒక్కటంటే ఒక్కటి."

రఘుపతి గారు కిటికీ వైపు చూశారు. వద్దనుకుంటూనే చూశారు. ఆయనకు గుర్తొచ్చిందని గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది. మెడ నుంచి చెవుల దాకా ఎరుపెక్కింది. వరండాలో ఎవరూ నవ్వలేదు. అది నవ్వే సమయం కాదని వాళ్లకూ తెలుసు.

ఆయన కలం తీశారు. ఉత్తర్వును దగ్గరికి లాక్కొని యోహాను పేరు మీద అడ్డంగా ఒక గీత గీశారు. ఇంకో గీత. "నువ్వు డ్యూటీకి పో," అన్నారు తల ఎత్తకుండా.

యోహాను కదల్లేదు. విన్నది నిజమో కాదో తేల్చుకోలేక నావైపు చూశాడు. నేను తల ఊపాను. అప్పుడు ఆ బండలాంటి మనిషి వచ్చి మామ చేతులు రెండూ పట్టుకొని వాటిని కండ్లకద్దుకున్నాడు. తిడతాడనుకున్న బక్కయ్య చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. నా గుండె నిండిపోయింది. మూడు నిమిషాల పాటు ఎర్రగుట్టలో నా అంత సంతోషంగా ఉన్న మనిషి లేదు.

తరవాత రఘుపతి గారు ఒక మాట అడిగారు.

"నమూనా తీయించడం ల్యాబు బాధ్యత. రూలు పుస్తకంలో ఉంది. పద్నాలుగు నెలల్లో నువ్వు ఎన్నిసార్లు యార్డులోకి పోయావమ్మా?"

"నిన్న ఒక్కసారి."

"అంతేనా?"

"అంతే సార్." అబద్ధమాడటానికి ఏమీ లేదు. ఆ మాటలో ఆయనది ఆవగింజంత తప్పు కూడా లేదు.

ఆయన నా ఆరు అంకెల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. ల్యాబు నుంచి నా ఆరు పొట్లాలనూ తెప్పించారు. కాగితాన్నీ పొట్లాలనూ బల్ల సొరుగులో పెట్టి తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకున్నారు.

"బొగ్గు సంగతి, కిటికీ సంగతి ఈ గది దాటడానికి వీల్లేదు. జరిగింది ల్యాబు నిర్లక్ష్యం. అంతకుమించి ఏమీ లేదు. రుజువు కావాలంటే కావాల్సినవారు నన్ను అడగవచ్చు."

కలం మళ్లీ కాగితం మీదికి దిగింది. కొట్టేసిన యోహాను పేరుకు పైన కొత్త పేరు రాయడం మొదలుపెట్టారు. బల్లకు ఇవతల నిలబడ్డ నాకు ఇంగ్లీషు అక్షరం తలకిందులుగా కనిపించింది. అది బక్కయ్య 'బి' కాదు. అండాలు 'ఏ'.

నాకు భయం వేయాలి. వేయలేదు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. ఎంత గొప్ప ఇంజనీరైనా, కుప్పను రెండు సగాలు చేసినప్పుడు రెండో సగం, ఆ మిగిలిన ఆరు పొట్లాలు, ఎక్కడికో పోవాలి కదా అన్న ఆలోచన ఆయనకు రాలేదు. మొగని విచారణ పెట్టుకొని నాగులమ్మ పొద్దున్నే ఒళ్లో ఏం పెట్టుకొని ఆ బస్సెక్కిందో కూడా ఆయన ఇంకా అడగలేదు.